హమ్మామ్ గోడకు అటూ ఇటూ

మరాకేష్, పాత ఊరు
మార్చి నెలాఖరు, 2020

లల్లా ఇజ్జా గారికి,

బట్టీ మనిషి అల్లాల్ సలాములు. మీరు క్షేమంగా కొండల్లోని మీ ఊరు అగూనీ చేరారనీ, దారిలో పోలీసులు ఆపి వెనక్కి పంపలేదనీ తలుస్తాను. నేను కులాసా. నా మోకాళ్ళు కులాసాగా లేవు గానీ వాటి సంగతి చెప్పాలంటే ఇంకో ఉత్తరం కావాలి.

ముప్పై ఒక్క ఏళ్ళు మనం ఒకే గోడకు అటూ ఇటూ పనిచేశాం. మీరు ఆడవాళ్ళ వేడిగదిలో ఒళ్ళు తోముతూ, నేను గోడ వెనక బట్టీలో మంట ఎగదోస్తూ. ఇన్నేళ్ళలో మీ మొహం సరిగ్గా చూసింది నాలుగైదు సార్లేనేమో. గొంతు మాత్రం నా చెవుల్లో కాపురం పెట్టింది. బకెట్‌తో గోడ మీద రెండు దెబ్బలు వేస్తే వేడి చాలలేదని, ఒక దెబ్బ వేస్తే ఉడికిపోతున్నామని. దెబ్బల వెనక వచ్చే తిట్లకు లెక్కలేదు. కరోనా వచ్చి ఊళ్ళో స్నానాల హమ్మామ్‌లన్నీ మూయించాక ఆ గోడ నోరు పడిపోయింది. తిట్లు లేకపోతే నాకు అన్నం సయించడం లేదు. అందుకే కాగితం పట్టాను.

నా ఫోను చలికాలంలో బూడిదలో పడి కరిగిపోయింది. మీ లోయలో ఎలాగూ సిగ్నల్ లేదని పుదీనా లారీ హమ్మూ చెప్పాడు. కూరల బళ్ళను ఆపడం లేదు కాబట్టి ఈ ఉత్తరం పుదీనా కట్టల మధ్య వస్తుంది. ఆ సువాసన నాది అనుకోకండి.

వీడికి ఇంత రాత ఎలా వచ్చిందంటారా? నేను బడికి వెళ్ళలేదు, బడే బస్తాల్లో నా దగ్గరికి వచ్చింది. మంట రాజేయడానికి వచ్చిన పాత కాగితాలన్నీ చదివాకే పొయ్యిలో వేసేవాణ్ణి. వార్తాపత్రికలు, కోర్టు తీర్పులు, పశువైద్యం పుస్తకాలు. అందుకే నాకు అన్నీ సగం తెలుసు. గుర్రానికి కడుపునొప్పి వస్తే మందు ఎలా పట్టించాలో తెలుసు. ఎప్పుడు ఆపాలో తెలీదు, ఆ పేజీ అప్పటికే మండిపోయింది. ఈ కరోనా గురించి కూడా ఒక ముక్క చదివాను...

సరే, అసలు సంగతి. నిన్న యజమాని తౌఫీఖ్ బాబు వచ్చాడు. పెద్దాయన హాజీ గారి కొడుకు గదా అని స్టూలు తుడిచి వేశాను. కూర్చోలేదు.

"బా అల్లాల్, ఎవరి కోసం ఈ మంట?"

"గోడ కోసం బాబూ."

"గోడలు స్నానం చేస్తాయా?"

"ఈ గోడలు చేస్తాయి. మీ తాత నాటి నుంచి రోజూ చేస్తున్నాయి. ఉన్నట్టుండి మాన్పిస్తే జబ్బు పడతాయి."

నవ్వలేదు. ఆర్పెయ్యమన్నాడు, రంపపు పొట్టు బండిని ఇక రావొద్దన్నాడు. పక్క పేట హమ్మామ్ సంగతి మీకు తెలుసుగా. ఒక్క చలికాలం చల్లారింది, వసంతానికల్లా గుమ్మటం కూలింది. మన ఇటుకలు రోజంతా ఆవిరి తాగుతాయి. వేడి ఉన్నంతసేపూ దాన్ని బయటికి ఊదేస్తాయి. వేడి పోయిందా, తాగిన నీరు లోపలే ఉండి గచ్చును పగలగొడుతుంది. తౌఫీఖ్‌కు కావలసింది అదే. కాసాబ్లాంకా ఆసామీ ఒకడు కొనడానికి కాచుకుని ఉన్నాడట. టూరిస్టులకు బస కడతాడట. బట్టీ ఉన్నచోట ఈతకొలను తవ్విస్తాడట. గుమ్మటం పగిలితే అడ్డు చెప్పడానికి ఎవరికీ నోరుండదు. అప్పుడు మీకూ, బత్తూల్‌కూ, మిగతా తోమేవాళ్ళకూ, నాకూ తిరిగి రావడానికి చోటే ఉండదు.

ఆర్పాను అని చెప్పాను. ఆర్పలేదు. బూడిద కింద నిప్పు దాచి ఉంచాను. దేనితో మండించాలో ఇంకా తెలీదు.

భవదీయుడు
అల్లాల్

*

అగూనీ
ఏప్రిల్

ఓయ్ మంటోడా,

గోడ వెనక నుంచి "ఆగవే రాక్షసీ" అని అరిచేవాడివి, కాగితం మీద "గారికి" ఏంటి? చదవగానే ఎవరో పోయారనుకుని గుండె ఆగింది. నేను నువ్వు అనే రాస్తాను. నువ్వూ అలాగే ఏడు.

ఈ అక్షరాలు నావే. మసీదులో పెద్దవాళ్ళకు చదువు చెబుతుంటే పని అయ్యాక తడి జుట్టుతో వెళ్ళి నేర్చుకున్నాను. నా జన్మలో రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. అది నీకు రాయాల్సి వచ్చింది, నా ఖర్మ.

పట్నం నుంచి జబ్బు మోసుకొచ్చానని నన్ను రెండు వారాలు మేకల కొట్టంలో పెట్టారు. మా వదిన రొట్టె తెచ్చి రాయి మీద పెట్టి కర్రతో ముందుకు తోసేది. మేకలకు మాత్రం నా మీద ఏ అభ్యంతరమూ లేదు. బయటికొచ్చాక కూడా ఎవరూ నా చెయ్యి తాకడం లేదు. మరాకేష్‌లో సగం మంది పెళ్ళికూతుళ్ళను తోమిన చేతులివి. ఇప్పుడు పొద్దున లేస్తే వీటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలీడం లేదు. కాసేపు కొంగులో దాస్తాను. కాసేపు పిండి పిసుకుతాను. ఆ పిండి ఎవరూ తినరు.

ఇంకా నువ్వు మంట ఉంచానంటే ఏదో ఒకచోట నా పని మిగిలి ఉందనిపించింది.

ఆర్పకు. తౌఫీఖ్ ఏమన్నా ఆర్పకు. ఏం కాలుస్తావో నాకు తెలీదు. ఏమీ దొరక్కపోతే నీ గడ్డం కాల్చు.

ఇజ్జా

*

మరాకేష్
రంజాన్ రెండో వారం

రాక్షసి ఇజ్జాకు,

నా గడ్డం అలాగే ఉంది. కాల్చడానికి అంతకన్నా మంచివి దొరికాయి.

ఎలా మొదలైందో చెబుతాను. మా వీధి చివర షరీఫా అనే ముసలావిడ ఉంది. వంటగ్యాసు అయిపోయింది. కొనడానికి చేతిలో ఏమీ లేదు. కొడుకు టూరిస్టులను గుర్రబ్బండి మీద తిప్పేవాడు. ఇప్పుడు గుర్రమూ అతనూ ఇంట్లో కూర్చుని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు. ఆవిడ చిక్కుళ్ళ కుండ తెచ్చి, "అల్లాల్, మగాళ్ళ తంజియా మాంసం కుండలు నీ బూడిదలో పెట్టి ఉడికిస్తావుగా, నా చిక్కుళ్ళు ఏం పాపం చేశాయి?" అంది. పెట్టాను. సాయంత్రానికి వెన్నలా ఉడికాయి. మర్నాటికి ఆరు కుండలు. ఇప్పుడు వీధి వీధంతా ఇక్కడే వండుకుంటోంది. నేను ఒకటే అడుగుతాను: కుండతో పాటు ఏదైనా మండేది తీసుకురండి.

అబ్బో, ఏమేం వస్తున్నాయనుకున్నావు! విరిగిన కుర్చీలు, ఆలివ్ పిప్పి, అడుగు ఊడిన ఉయ్యాల. చెక్క బొమ్మలు చెక్కే ఇస్సూ నాలుగు బస్తాల ఒంటెలు తెచ్చాడు. టూరిస్టుల కోసం చెక్కినవి. కొనేవాడు లేడు. వార్నీషు పూసినవాటిని వద్దన్నాను, పొగ మంచిది కాదు. పూయనివి పొయ్యిలో వేశాను. ఒక్కొక్కటీ వేస్తుంటే ఇస్సూ పక్కన నిలబడి పేరు పెట్టి వీడ్కోలు చెప్పాడు. మూడో బస్తాకు పేర్లు అయిపోయాయి, మా బంధువుల పేర్లు అడిగి మరీ పెట్టాడు. మా బావమరిది బాగా మండాడు.

ఒకరోజు కుండలకు కట్టిన గుడ్డలు ఊడిపోయి, పేట అధికారి గారింటి మాంసం కుండ షరీఫా ఇంటికి, ఆవిడ పప్పు ఆయనింటికి వెళ్ళాయి. ఆయన పప్పు తిని ఏమీ అనలేదు. ఆవిడ మాంసం తిని అసలేమీ అనలేదు. ఆ అధికారి మర్నాడు వచ్చి, గుంపు కాకుండా ఒక్కొక్కరే వచ్చి కుండ పెట్టి పోవాలి, మాస్కు ఉండాలి అని చెప్పి, తన కుండను మాత్రం ఎర్ర గుడ్డతో గట్టిగా కట్టి ఇచ్చి వెళ్ళాడు. కాబట్టి ఇప్పుడు మన మంట చట్టబద్ధం.

తౌఫీఖ్‌కు ఇది నచ్చలేదు. ఖర్చు తనది కాదు గనక ఆపలేకపోతున్నాడు. అందుకని కొత్త పాట మొదలెట్టాడు. ఆడవాళ్ళ వేడిగది గుమ్మటం పగిలిపోయిందట, ప్రమాదమట. మగాళ్ళ వైపు గుమ్మంలో కొంత గచ్చు రాలిన మాట నిజమే. ఆడవాళ్ళ వైపు ఎలా ఉందో నాకు తెలీదు. ఎలా తెలుస్తుంది? ఆ గదిని ముప్పై ఒక్క ఏళ్ళు కాచింది నేనే, ఒక్కసారి గడప దాటలేదు. ఇప్పుడు లోపల ఎవరూ లేరు. తలుపు తోస్తే తెరుచుకుంటుంది. అయినా కాలు పడడం లేదు. నువ్వు సరే అంటేనే వెళ్తాను. పగిలి ఉంటే ఈ మంటంతా దండగ. అది కూడా చూడాలి కదా.

అల్లాల్

*

అగూనీ
పండగ తర్వాత

మంటోడా,

వెళ్ళు. షరతులు విను. చెప్పులు బయట విప్పు. గడప దగ్గర దేవుడి పేరు చెప్పుకో, ఖాళీ హమ్మామ్‌లో జిన్నులు కూర్చుంటాయి, వాటికి నువ్వు కొత్త. ఎడమ అరలో ఆడవాళ్ళ బకెట్లూ సంచులూ ఉంటాయి. ముట్టకు. చూడకు. ఏది ఎవరిదో ఊహించకు. దీపం తీసుకెళ్ళకు, పొద్దున పూట గుమ్మటం కన్నాల్లోంచి వెలుగు వస్తుంది. పని చూసుకుని బయటికొచ్చెయ్. లోపల నీ కథలేవీ చెప్పకు.

ఇక్కడి సంగతి. పండగకు ముందు రోజు మా ఊళ్ళో అందరికన్నా పెద్దావిడ, యమ్నా, కర్ర పోటేసుకుని వచ్చింది. "ఇజ్జా, ఈ మురికితో పండగ చేసుకోలేను. చస్తే శుభ్రంగా చస్తాను. నీ చేతులు తియ్" అంది. నేను వద్దన్నాను, నీకేమన్నా అయితే నన్ను ఊళ్ళోంచి తరుముతారన్నాను. "ఇప్పుడు నిన్ను నెత్తిన పెట్టుకుని ఊరేగిస్తున్నారా?" అంది.

రొట్టెల గుడిసె వెనక నీళ్ళు కాచాను. మూతికి గుడ్డ కట్టుకుని, వీపు వైపు నిలబడి తోమాను. ముసలిది ఏడ్చింది. మంట పుట్టి కాదు. పండగ నాటినుంచీ చిన్న వయసు ఆడవాళ్ళు నన్ను తాకరు, ముసలివాళ్ళు మాత్రం వంతులు వేసుకుంటున్నారు. ఒక్కొక్కరుగా వస్తారు.

కట్టెలకు పొద్దున్నే కొండెక్కాలి. వీపు మీద మోసుకుని దిగాలి. ఒక మనిషి స్నానానికి ఎంత మోపు పడుతుందో ఇన్నాళ్ళూ నాకు తెలీదు. ఇన్నేళ్ళు గోడ మీద కొట్టి వేడి అడిగాను, అది ఎక్కడినుంచి వస్తుందో ఇప్పుడు నా నడుముకు తెలిసింది. ఇది క్షమాపణ కాదు. సమాచారం.

ఇజ్జా

*

మరాకేష్
జూన్

ఇజ్జాకు,

నీ సమాచారం అందింది. చట్రం కట్టించి గోడకు తగిలించే స్తోమత లేదు, జేబులో పెట్టుకు తిరుగుతున్నాను.

వెళ్ళాను. చెప్పులు విప్పాను. జిన్నులను పలకరించాను. ఆ అర వైపు చూడలేదు. ఆ గది ఇంత పెద్దదని నాకెవరూ చెప్పలేదేం? నా మనసులో అది నా బట్టీ అంతే ఉండేది, చిన్నదిగా, చీకటిగా, నిండా నువ్వు అరుస్తూ. తలెత్తితే గుమ్మటం కన్నాల్లోంచి వెలుగు బొట్లు బొట్లుగా నేల మీద పడుతోంది. నేను అటు నడిస్తే నా పాత చొక్కా మీద కూడా పడింది. కింద నేను వెలిగించేదొకటే వెలుగనుకుంటూ ఇంతకాలం బతికాను, పైన ఇంకొకటి ఉందన్నమాట. ఈ వయసులో ఒక మనిషి తన సొంత పనికి వెనక వైపు చూడడం అందరికీ దొరకదు. ఈ జబ్బు రాకపోతే నేను చూడకుండానే పోయేవాణ్ణి.

గుమ్మటం అంతా వేళ్ళతో తడిమాను, నిచ్చెన వేసి. పగుళ్ళు లేవు. గచ్చు పొడిగా ఉంది. బట్టీ గోడకు అరచెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది. నేను వేసిన మంటే, అటు నుంచి ఇటు వచ్చి బుద్ధిగా కూర్చుంది. పిల్లాణ్ణి పరాయింటికి పంపి, అక్కడ వాడు మర్యాదగా ఉన్నాడని విన్న తండ్రి లాగా ఉబ్బిపోయాను.

ఇంకొకటి చూశాను. నడుమెత్తులో గోడకు గుంట పడింది. గచ్చు ఎగిరి, ఇటుక కూడా బకెట్ అంచులా అరిగింది. చాలాసేపు చూశాను. గుమ్మటాన్ని కాపాడాలని మేమందరం ఇలా చస్తుంటే గోడను నువ్వు ముప్పై ఏళ్ళుగా కూలుస్తున్నావన్నమాట.

తౌఫీఖ్‌కు చెప్పాను: పగల్లేదు, వచ్చి చూసుకో. "నువ్వు ఆడవాళ్ళ వైపు వెళ్ళావా!" అని నోరు తెరిచాడు. "అనుమతి తీసుకునే వెళ్ళాను. నువ్వు ఎవరి అనుమతితో అమ్ముతున్నావు?" అన్నాను. ఆ మాట అన్నాక నా మీద నాకే గౌరవం పుట్టింది. కొనేవాణ్ణి సెప్టెంబరులో తీసుకొస్తానని, అప్పటికి బట్టీ ఖాళీగా, చల్లగా ఉండాలని చెప్పి వెళ్ళాడు. ఉండదు.

వేరే ఊళ్ళలో హమ్మామ్‌లు తెరిచారట. మనకింకా లేదు.

కొంచెం దగ్గు. ఆలివ్ పిప్పి పొగ వల్ల. అంతే.

అల్లాల్

*

అగూనీ
ఆగస్టు మొదట్లో

మంటోడా,

అంతే అన్నావు. నువ్వు "అంతే" అన్న మాట నేను ఎన్నడూ వినలేదు. నువ్వు దేన్నీ అంతేతో ఆపవు. కాబట్టి అది అంతే కాదు.

హమ్మూను నిలదీశాను. కుండలు దించేటప్పుడు గోడ పట్టుకుని నిలబడుతున్నావట. ఒళ్ళు కాలిపోతోందట. బట్టీ పక్కన ఉంటే కాలదా అని హమ్మూను బుకాయించావట. వాడు వెర్రివాడు కాబట్టి నమ్మాడు.

బత్తూల్‌కు కబురు పెట్టాను. వచ్చి నిన్ను చూస్తుంది. ఆవిడ ఏం చెబితే అది చెయ్యి. మంట సంగతి ఆలోచించకు.

తిట్టడానికి ఇంకా చాలా ఉంది. నువ్వు బాగైతే తిడతాను.

ఇజ్జా

*

ఊరి బయట, గుడారాల ఆసుపత్రి
ఆగస్టు

లల్లా ఇజ్జా గారికి,

బత్తూల్ అంబులెన్సు పిలిపించింది. అందులో ఎక్కించేటప్పుడు బట్టీ తలుపు వైపు తల తిప్పాలని చూశాను, ముక్కుకు గొట్టం ఉంది, తిప్పనివ్వలేదు.

ఇక్కడ బాగానే చూస్తున్నారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, కళ్ళద్దాల వెనక నిద్ర లేని కళ్ళు. పేరడిగితే చెప్పింది, వెంటనే మర్చిపోయాను. నా పక్క మంచం ఆయన తోలు రంగులు అద్దేవాడు, మంచి మాటకారి. మొన్నటి నుంచి ఆ మంచం మీద వేరే ఆయన ఉన్నాడు.

రాయడానికి చెయ్యి కుదరడం లేదు. ఒక్క మాట. పొయ్యిలో నేను వేసివచ్చింది ఒక పూటకు సరిపోతుంది, అంతే. ఇవాళ్టికి చల్లారి ఉంటుంది. గోడ కూడా. మీరు ఆర్పకు అన్నారు. మాట నిలబెట్టుకోలేకపోయాను. సెప్టెంబరులో తౌఫీఖ్ వచ్చి తలుపు తీస్తే అతనికి కావలసినట్టే ఉంటుంది.

మీరు అగూనీలోనే ఉండిపోండి. అక్కడ యమ్నా ఉంది.

అల్లాల్

*

అగూనీ
ఆగస్టు చివర

మంటోడా,

మళ్ళీ "గారు" మొదలెట్టావా? చావడానికి ముందు మర్యాద నేర్చుకునేవాళ్ళను చూశాను, నువ్వు ఆ పని చెయ్యకు.

మీ డాక్టరమ్మ ఏం పెడితే అది తిను. బోర్లా పడుకోమంటే పడుకో. పక్క మంచం ఆయనతో మాట్లాడు, ఎవరైనా సరే. నీ గుర్రం కడుపునొప్పి కథ చెప్పు, పారిపోవడానికైనా లేచి కూర్చుంటాడు.

బట్టీ సంగతి నువ్వు తేల్చకు. ఇక్కడ వానలు లేవు. మేకలు బాగున్నాయి. యమ్నా బాగుంది.

ఇజ్జా

*

గుడారాల ఆసుపత్రి
సెప్టెంబరు మొదటి వారం

రాక్షసి ఇజ్జాకు,

గొట్టం తీసేశారు. లేచి కూర్చున్నాను. అందుకే ముందు నిన్ను నిలదీస్తాను.

నీ ఉత్తరం నలభై సార్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఈ జబ్బుతో వాసన పోయింది. నిన్ననే తిరిగొచ్చింది, ఇక్కడి మందుల వాసన తెలిసి నర్సును చూసి నవ్వాను కూడా. ఆ తర్వాత నీ ఉత్తరం తీశాను. పుదీనా వాసన రావాలి. రాలేదు. ఆలివ్ పిప్పి పొగ వాసన వచ్చింది. మూల మీద బొటనవేలి ముద్ర ఉంది, మసిది. కొండ మీద కట్టెల మసి బూడిద రంగులో ఉంటుంది, చేత్తో తుడిస్తే పోతుంది. ఇది జిడ్డుది, పోదు. ఈ మసి ప్రపంచంలో ఒక్కచోటే పుడుతుంది. నా గోళ్ళలో ఇంకా ఉంది.

పైన "అగూనీ" అని రాశావు. ఎక్కడున్నావు? నిజం చెప్పు. నా గుండె బాగానే ఉంది, ఊపిరితిత్తులకే దెబ్బ.

అల్లాల్

*

మరాకేష్, బట్టీ
సెప్టెంబరు మధ్యలో

మంటోడా,

దొరికిపోయాను. ఆగస్టు నుంచీ ఇక్కడే ఉన్నాను. చెబితే ఆ గొట్టం పీక్కుని పరిగెత్తుకొస్తావని చెప్పలేదు. నువ్వు దగ్గు దాచావు, నేను ఊరు దాచాను. చెల్లుకు చెల్లు.

నిన్ను అంబులెన్సు ఎక్కించగానే బత్తూల్ లోపలికెళ్ళి పార పట్టుకుంది. తను కూర్చునే బల్ల విరగ్గొట్టి పొయ్యిలో వేసింది. ఇస్సూ నాన్న వచ్చి, "ఆడదానివి, బట్టీలోకి వచ్చావేంటి? ఇది మగాడి పని" అన్నాడట. "మగాడు ఆసుపత్రిలో ఉన్నాడు, పని ఇక్కడుంది. నువ్వు చేస్తావా?" అందట. ఆయనకు నడుం నొప్పి గుర్తొచ్చింది.

హమ్మూ కబురు తేగానే నేను పుదీనా కోసే కూలీనని అనుమతి కాగితం రాయించుకుని, కట్టల మధ్య కూర్చుని వచ్చాను. అంతకుముందు నేను ఎన్నడూ నీ బట్టీ చూడలేదు. నిజం చెప్పనా? ఇది గది కాదు, నోరు. ఇందులో ముప్పై ఏళ్ళు ఎలా నిలబడ్డావు? మొదటి రోజు నా కనుబొమలు కాలాయి. రెండో రోజు మంట నేను చెప్పినట్టు వింది. కొండ మీద నేర్చుకున్నాను గదా. ఇప్పుడు ఆరుగురం తోమేవాళ్ళం వంతులు వేసుకున్నాం. ఒక్కరోజు కూడా ఆరలేదు. వింటున్నావా? ఒక్కరోజు కూడా.

నిన్న తౌఫీఖ్ కొనేవాణ్ణి తీసుకొచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల చేతి తొడుగులు. చల్లారిన బట్టీ చూపిస్తానని తాళంచెవి చేత్తో పట్టుకొచ్చి తలుపు తోశాడు. లోపల మేం. మసి మొహాలు, చేతుల్లో ఊచలు.

"ఎవరు మీరు?" అన్నాడు తౌఫీఖ్.

"ఎవరా? మీ అమ్మ చంకనెక్కి ఆడవాళ్ళ హమ్మామ్‌కు వచ్చేవాడివి. తల మీద నీళ్ళు పోస్తే ఊరంతా వినబడేలా ఏడ్చేవాడివి. నీ చెవుల వెనక మట్టి తోమింది ఈ చేతులే. బాబూ, ఇంకా అక్కడ సరిగ్గా తోముకోవడం లేదు నువ్వు."

బత్తూల్ పకపకా నవ్వింది. కొనేవాడు కూడా నవ్వబోయి దగ్గాడు. ఆ తర్వాత బూడిద వైపు చూశాడు. "ఈ కుండలు ఎవరివి?"

"వీధివి."

"నేను కొంటే ఇవి తీసేస్తారా?"

"కొంటే వీటితో సహా కొనాలి. మధ్యాహ్నం నమాజు కాగానే ఒక్కొక్కటీ దించి, మసి తుడిచి, ఎవరిది వాళ్ళకు అందించాలి. ఎర్ర గుడ్డది అధికారి గారిది, దాన్ని ముందు ఇవ్వాలి. ఈతకొలనులో ఉడుకుతాయేమో చూడండి."

అతను తొడుగు తీసి గోడ మీద చెయ్యి పెట్టాడు. తియ్యడానికి కొంతసేపు పట్టింది. "చచ్చిన కట్టడం అన్నారు నాతో" అని తౌఫీఖ్‌తో అన్నాడు. కారెక్కి వెళ్ళిపోయాడు.

తౌఫీఖ్ వెళ్ళలేదు. బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. పాపం, అతని కొట్టూ మూసే ఉంది, అప్పుల వాళ్ళు తలుపు కొడుతున్నారు, అదీ ఉంది. షరీఫా చిక్కుళ్ళు ఒక గిన్నెలో పెట్టి ఇచ్చాను. తిన్నాడు. "సర్కారు తెరవమన్నాక ఏడాది చూస్తాను. నడవకపోతే అమ్మేస్తాను" అన్నాడు. "నడవకపోతే అమ్ము. నడిపేది మేం" అన్నాను. అతని దగ్గరున్న బట్టీ తాళంచెవి అడిగాను. ఇచ్చాడు.

ఇక నీ సంగతి. నీ డాక్టరమ్మ బత్తూల్‌తో అంతా చెప్పింది. ఇక జన్మలో పొగ దగ్గరికి పోకూడదట. అది కూడా నాకు చెప్పకుండా దాచావు. కాబట్టి విను: నువ్వు వచ్చి ఏడ్చినా, కాళ్ళు పట్టుకున్నా, పార నీకివ్వను. బయట వీధి అరుగు మీద గాలి వచ్చేచోట కూర్చో. కుండలు తీసుకో, వచ్చినవాళ్ళతో మాట్లాడు. నీ మాటలకు జనం ఆగుతారు, ఆగినవాళ్ళు కట్టెలు కూడా తెస్తారు.

ఇజ్జా

*

గుడారాల ఆసుపత్రి
సెప్టెంబరు, శుక్రవారం

ఇజ్జాకు,

నీ ఉత్తరం వార్డు మొత్తానికి చదివి వినిపించాను. చెవుల వెనక మట్టి దగ్గర, ఊపిరి ఆడని ఆయన కూడా నవ్వాడు. నర్సు వచ్చి నన్ను తిట్టింది. మీ ఊరి ఆవిడేమో, నీ పోలికలున్నాయి.

పొగ సంగతి దాచానంటావు. దాచలేదు, నమ్మలేదు. రెండు రోజులు గోడకేసి తిరిగి పడుకుని నమ్మాను. బట్టీలోకి కుర్రాడిగా దూరి ముసలాడిగా తేలినవాణ్ణి, దానికి అవతల నేనెవరో నాకు తెలీదు. నీ ఉత్తరం చదివాక అనుకున్నాను, మేకల కొట్టంలో చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక నువ్వూ ఇలాగే కూర్చుని ఉంటావు. నువ్వు లేచావు. నువ్వు చేసిన పని నేను చెయ్యలేకపోతే పక్కింటి గోడకు కూడా మొహం చూపించలేను.

అరుగుకు ఒప్పుకున్నాను. షరతులు నావీ ఉన్నాయి. దిండు కావాలి. చదవకుండా ఒక్క కాగితం పొయ్యిలో వెయ్యకూడదు, ముందు నా దగ్గరికి రావాలి. ఆలివ్ పిప్పి తడిగా ఉంటే ఎండబెట్టాకే వెయ్యాలి, ఇది నీకు తెలుసని అనకు, తెలిసినా చెబుతాను. ఎవరు వచ్చి ఇది ఆడవాళ్ళ పనా మగాళ్ళ పనా అని అడిగినా లోపలికి పంపకు, అరుగు మీద నాకు అప్పజెప్పు. సాయంత్రం దాకా వాణ్ణి వదలను.

రేపు పంపిస్తున్నారు. ఎవరూ ఎదురు రావొద్దు. బస్సు దిగి నడిచే వస్తాను, ఎన్నిచోట్ల కూర్చోవాల్సి వచ్చినా సరే. ఊరి గోడ మలుపు తిరగ్గానే మన పొగగొట్టం కనిపిస్తుంది. దాంట్లోంచి నల్లటి పొగ లేస్తోందా, మంట మీకు చేతకావడం లేదన్నమాట, తిట్టుకుంటూ వస్తాను. ఉందో లేదో తెలీనంత సన్నగా, తెల్లగా లేస్తోందా, నాకన్నా బాగా మండిస్తున్నారన్నమాట. అప్పుడు ఇంకా గట్టిగా తిట్టుకుంటూ, ఇంకా తొందరగా వస్తాను.

అల్లాల్